పన్ను పడని చేతులు

కుమ్మరి పని అనగానే అందరికీ సారె గుర్తుకొస్తుంది. పాఠ్యపుస్తకాల్లో బొమ్మ అదే. ఖాదీ కమిషన్ వాళ్లు 2018 నుంచి పంచుతున్నదీ కరెంటు సారెలే. నేను సారె జోలికి పోను. నంద్యాలలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యాక, ఇంటి వెనక రేకుల షెడ్డులో పింగాణి మట్టితో గిన్నెలు, చిన్న చిన్న దీపపు చిమ్నీలు చేస్తున్నాను. అన్నీ వేళ్లతో నొక్కి, పట్టీలు అతికించి చేసేవే. చూడ్డానికి వచ్చినవాళ్లు మొహమాటం లేకుండా అడిగేస్తారు, "ఇది చైనావాళ్ల పని గదా మేడమ్, మన సీమలో ఏంటికి?" అని.

మట్టి చైనావాళ్లు కనిపెట్టిందే, కాదనను. కానీ సారె లేకుండా చేత్తో పాత్ర కట్టడం ఈ కుందూ, పెన్నల నడిమి నేలకు చాలా పాత విద్య. చరిత్రలో దానికి చోటు దొరకలేదంటే కారణం వేరే ఉంది. అది చెప్పడానికే ఈ వ్యాసం.

కుందూ నది నంద్యాల, కోవెలకుంట్ల మీదుగా కడప జిల్లాలోకి దిగి పెన్నలో కలుస్తుంది. ఆ ఒడ్డున పెద్దముడియం అనే ఊరుంది. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు తమ వంశకర్తను ఒక సోమయాజి ఇంట్లో పుట్టించిన ముడివేము అగ్రహారం ఇదేనంటారు. ఊరు ఆ కథకంటే చాలా పాతది. పెద్దముడియంలోనూ, దగ్గర్లోని హనుమంతరావుపేటలోనూ కొత్తరాతియుగపు జనం బతికిన ఆనవాళ్లున్నాయి. రవి కొరిశెట్టర్, డోరియన్ ఫుల్లర్ వంటి పరిశోధకులు ఈ లోయలోని దిబ్బల మట్టిని నీళ్లలో కడిగి, అందులో మాడిపోయి మిగిలిన గింజలను ఏరారు. దొరికినవి అండుకొర్ర, కొర్రజాతి గడ్డిగింజలు, పెసలు, ఉలవలు. సీమ అనగానే రాగిసంగటి అంటాం గానీ, రాగి తర్వాతి కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన పంట. నాలుగు వేల ఏళ్ల కిందట ఇక్కడ కుండలో ఉడికింది అండుకొర్ర, ఉలవలే.

ఉడికించి తినే తిండికి కుండ తప్పదు. దక్షిణాది కొత్తరాతియుగపు కుండల్లో ఎక్కువ భాగం చేత్తో చేసినవే. పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ 1947లో చిత్రదుర్గం దగ్గర బ్రహ్మగిరి తవ్వినప్పుడు కూడా రాతిగొడ్డళ్లతో పాటు దొరికిన కుండలు చాలావరకు అట్లాంటివే. మట్టిని తాళ్లుగా దొర్లించి, వరస మీద వరస పేర్చి, అతుకులు కనపడకుండా తట్టి, సగం ఆరాక నున్నటి గులకరాయితో రుద్ది మెరుగు పెట్టేవాళ్లు. కొన్నిటికి కాల్చిన తర్వాత జాజు పూసేవాళ్లు. ఇప్పటికీ మా వైపు గోడకు సున్నం కొట్టి కింద జాజు పట్టీ వేస్తారు. రంగు మారలేదు, పూసే చోటు మారింది.

చేతి పని అంటే మొరటు పని అన్న అపోహ ఒకటుంది. పొయ్యి మీద పెట్టే కుండ గోడ మందంగా ఉంటే లోపలి వైపు ఒక వేడి, బయటి వైపు ఒక వేడి పట్టి పగులుతుంది. గోడ పలచగా, అంతటా ఒకే మందంలో ఉంటే నిలుస్తుంది. మట్టిలో కాస్త ఇసుకో, దంచిన గులకో కలిస్తే ఇంకా మేలు. వంటకుండను పలచగా చేయడం అందం కోసం మొదలైంది కాదు, పగలకుండా ఉండటానికి మొదలైంది. ఆ పలచదనాన్ని సారె లేకుండానే సాధించారు. నా పింగాణి గిన్నె గోడ వెనక దీపం పెడితే వెలుగు ఇవతలికి కనబడుతుంది, దాన్ని జనం మెచ్చుకుంటారు. నన్నడిగితే, కట్టెల మంట మీద రోజూ ఉడుకుతూ ఏడాది నిలిచిన కుండ అంతకంటే గొప్ప పని.

బనగానపల్లె దగ్గరి పాతపాడు పేరు పురావస్తు పుస్తకాల్లో ఒక తరహా కుండలకు స్థిరపడిపోయింది. ఎర్రటి ఒంటి మీద ముదురు రంగు గీతలు గీసి, నీళ్లు పోసే మూతిని కాలువలాగా ముందుకు చాచిన గిన్నెలు అవి. వాటిని లోకానికి చూపినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్, భూగర్భ శాఖ ఉద్యోగి. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో రాతిగొడ్డలి ఏరి మన దేశపు పూర్వయుగ చరిత్రకు తలుపు తీసినాయన. బేతంచెర్ల దగ్గర బిళ్లసర్గం గుహలను 1884, 85లలో కొడుకుతో కలిసి తవ్వించిందీ ఆయనే. ఆయన సేకరణంతా 1904లో మద్రాసు మ్యూజియానికి చేరింది. దాని జాబితా ఆయన చనిపోయాక, 1914లో అచ్చయింది. పాతపాడు గిన్నెల మూతి సంగతి మాత్రం చెప్పాలి. అంత పొడుగాటి మూతిని సారె మీద ఎవరూ లాగలేరు. విడిగా చేసి, ఒంటికి రంధ్రం పెట్టి, అతికించాల్సిందే. అంటే చివరి పని చేతిదే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పాత్ర నీళ్లు తాగేది కాదు, మనిషిని పడుకోబెట్టేది. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో కడప జిల్లా శంఖవరం నుంచి తెచ్చిన మట్టి శవపేటిక ఉంది. ఆకారం పొట్టేలు. ముందు తల, కొమ్ములు, కింద పొట్టి కాళ్ల వరస, మధ్యలో తొట్టి. క్రీస్తుకు ముందు వెయ్యేళ్లలో పెద్ద రాళ్లు నిలిపి సమాధులు కట్టిన జనం పని. ఆ కాలానికి సారె వచ్చేసింది. వాళ్లు సమాధుల్లో పెట్టిన నలుపు ఎరుపు గిన్నెలు చాలావరకు సారె మీద తీసినవే. అయినా శవపేటిక మాత్రం చేత్తోనే కట్టారు. సారె గుండ్రటి పనులే చేస్తుంది. పొట్టేలును చేయలేదు.

ఆ పేటిక ముందు నిలబడితే మట్టి పని చేసేవాళ్లకు కనిపించేవి వేరు. పట్టీని పట్టీకి అతికించేటప్పుడు రెండిటి తడీ ఒకటిగా ఉండాలి. ఒకటి పచ్చిగా, ఒకటి ఆరి ఉంటే ఆరేటప్పుడు ఒకటి ఎక్కువ కుంచించుకుపోయి అతుకు దగ్గర చీలుతుంది. అంత తొట్టికి కింది గోడ బరువు మోసేంత గట్టిపడాలి, పైపట్టీ అతుక్కునేంత పచ్చిగానూ ఉండాలి. అందుకని ఒక్క పూటలో కట్టలేరు, అట్లాగని వారాలు ఆగలేరు. ఎండలో పెడితే ఒక పక్క ముందుగా ఆరి వంకర పోతుంది. మందపాటి చోట్ల లోపలి తడి పూర్తిగా పోకముందే మంట పెడితే, ఆవిరి దారి దొరక్క ముక్కలుగా పేలుతుంది. సీమ ఎండల్లో ఇదంతా చేసి, కాల్చి, పగలకుండా సమాధి గుంతలోకి దించారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. అప్పటికి మన దగ్గర రాత అంతగా లేదు కాబట్టి తప్పు పట్టలేం.

రాత వచ్చాకా పేర్లు రాలేదు, విచిత్రం అదే. తెలుగులో తొలి శాసనంగా చెప్పే కలమళ్ల శాసనం ఎర్రగుంట్ల దగ్గరే ఉంది, క్రీస్తుశకం 575 నాటిది. అక్కడినుంచి విజయనగరం దాకా మన నేల నిండా శాసనాలున్నాయి. వాటిలో చేతివృత్తులు ఎప్పుడు కనిపిస్తాయి? దానం దగ్గర, పన్ను దగ్గర. పల్లవుల తామ్రపత్రాలు కుమ్మరుల మీద వేసే పన్నును కుశక్కాణం అన్నాయి. తమిళ శాసనాల్లో సారె లెక్కన వేసే పన్నుకు విడిగా పేరుంది. ఇంటికి ఎన్ని మగ్గాలు, ఎన్ని సారెలు, ఎన్ని గానుగలు అని లెక్కపెట్టడం పాలకులకు తేలిక. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. ఆయన హయాంలోనూ వృత్తుల మీద మోతుర్ఫా పన్ను నడిచింది. ఊరి ఆయగాండ్రలో కుమ్మరి ఒకడు. కల్లం దగ్గర అతని మేర గింజలు అతనికి కొలిచేవాళ్లు, ఊరికి కుండలు అతను ఇచ్చేవాడు. ఈ కాగితాలన్నిటిలోనూ కుమ్మరి అంటే సారె ఉన్న మగవాడు. సారె లేని చేతికి పన్ను లేదు, పన్ను లేని పని దస్తావేజుకెక్కలేదు. చరిత్రకారులం దస్తావేజు పట్టుకుని నడిచేవాళ్లం కాబట్టి మాకూ కనబడలేదు.

జమ్మలమడుగు వైపు ఒక కుమ్మరి ఇంట్లో అవ్వతో కూర్చుని మాట్లాడాను. సారె మీద ఎప్పుడైనా కూర్చున్నావా అవ్వా అని అడిగితే నవ్వింది.

"అమ్మో, ఆడోల్లు సారె ముట్టగూడదు మ్మా. అట్లా కట్టుబాటు. మొగోల్లు అడుగు ల్యాకుండా దించి పక్కన పెడ్తారు. దాన్ని లోపల గుండ్రాయి పట్టుకోని, బయట చెక్కతో తట్టి తట్టి అడుగు మూసి కుండ చేసేది ఎవురు? మా అత్త, నేను. అమ్మినాంక లెక్క మాత్రం ఆయనది."

ఇది ఆమె ఒక్కతి మాట కాదు. సారె దగ్గరికి ఆడవాళ్లను రానివ్వని కట్టుబాటు మన దేశంలో చాలా చోట్ల ఉంది. సారె మీద నుంచి దిగినప్పుడు కుండ మందంగా, మూతి మాత్రం తీరుగా, అడుగు తెరుచుకుని ఉంటుంది. పొట్ట గుండ్రమయ్యేదీ, గోడ పలచబడేదీ తట్టడంలోనే. మన నీళ్ల కడవ సన్నదనమంతా ఆ రెండో పనిలో ఉంది. రాయి, చెక్క తప్ప ఇంకే పనిముట్టూ లేదు. నాలుగు వేల ఏళ్ల కిందటి పద్ధతే సారె వచ్చాక కూడా సారె వెనక నిలబడి పని చేస్తూ వచ్చింది.

కుమ్మరులు తమవాడని చెప్పుకునే శాలివాహనుడి కథ చూడండి. కుమ్మరి ఇంట పెరిగిన పిల్లవాడు మట్టితో ఏనుగులు, గుర్రాలు, బంట్లు చేసి ప్రాణం పోసి యుద్ధానికి నడిపాడంటారు. ఆ సైన్యం సారె మీద పుట్టలేదు. ప్రతి ఉగాదికీ పంచాంగంలో శాలివాహన శకం లెక్క చదువుతాం, ఆ కథలోని చేతి పనిని ఎవరూ తలచుకోరు. మొల్ల సంగతీ అంతే. బద్వేలు దగ్గరి గోపవరం ఆడబిడ్డ, రామాయణం రాసిన కవయిత్రి. జనం ఆమెను కుమ్మరి మొల్ల అంటారు. ఆ కులం సంగతి మీద, కాలం మీద పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. ఆమె నిజంగా ఆ ఇంటి పిల్లే అయితే, సారె ముట్టనివ్వకపోయినా గుండ్రాయి, చెక్క మాత్రం చేతికి ఇచ్చే ఉంటారని నా ఊహ. ఇది ఊహే, చరిత్రగా తీసుకోవద్దు.

కుమ్మరి ఇళ్ల బయట కూడా చేతి మట్టిపని ఆడవాళ్లదే. పొయ్యి వేయడం, గింజలకు గరిసె కట్టి పేడ, మట్టి మెత్తడం, కుదురు చేయడం వాళ్ల పనులు. పెళ్లిళ్లలో కుమ్మరి ఇంటి నుంచి మేళంతో తెచ్చే అరివేణి కుండలకు సున్నపు చుక్కలు, జాజు గీతలు వేసేదీ వాళ్లే. ఆదోని, ఆలూరు వైపు కన్నడ వాడుక కలిసిన ఊళ్లలో జ్యేష్ఠ అమావాస్యకు మట్టి ఎద్దులు చేసి పూజిస్తారు. మన్నెత్తు అమావాస్య అంటారు. వానలు మొదలయ్యే రోజుల్లో రైతు ఇంటి పిల్లలు సారె లేకుండా మట్టి పిసికే పండుగ అది.

ఇంత చెయ్యి ఉన్న నేలలో పింగాణి ఎందుకు పుట్టలేదు? దీనికి జవాబు చేతిలో లేదు, మట్టిలోనూ మంటలోనూ ఉంది. మా మట్టిలో ఇనుము ఎక్కువ. ఆవంలో సుమారు 800 డిగ్రీల దగ్గర అది ఎర్రగా, గట్టిగా కాలుతుంది. అదే మట్టిని పింగాణి కాలే వేడికి, అంటే 1,250 దాటిస్తే, ఉబ్బి, కుంగి, అరల మీద ముద్దగా కరిగిపోతుంది. పింగాణికి ఇనుము లేని తెల్ల చైనా మట్టి, దానికి తోడు ఫెల్డ్‌స్పార్, పలుగురాయి కావాలి. ఆ ఫెల్డ్‌స్పార్ వేడికి కరిగి, పలుగును కొంత తనలో కలుపుకుని, గాజై మట్టి సందులన్నీ నింపుతుంది. అందుకే నీరు ఇంకదు, వెలుగు చొరబడుతుంది. ఆ వేడి రావాలంటే గోడలున్న బట్టీ, దానికి రోజుల తరబడి మండే కట్టె కావాలి. చైనాలో జింగ్‌డెజెన్ బట్టీలకు చుట్టూ కొండల్లో దేవదారుజాతి అడవులున్నాయి. మా కుమ్మరికి దొరికేది కంప, పిడకలు, పొట్టు. ఐరోపా వాళ్లు కూడా ఈ గుట్టు విప్పించుకున్నది 1708 ప్రాంతంలో, జర్మనీ డ్రెస్డెన్‌లో, ఒక రాజు బంగారం చేసి పెట్టమని బంధించి ఉంచిన బోట్‌గర్ అనే యువకుడి చేత. సీమ కుమ్మరి చేయలేదంటే తెలివి తక్కువై కాదు, అతనికి ఆ మట్టీ, అతని ఆవానికి అంత కట్టే లేకే.

ఇక్కడ చేసిన పింగాణి లేకపోయినా, బయటినుంచి వచ్చినది ఉంది. నెల్లూరు తీరం కొత్తపట్నంలో, మోటుపల్లిలో చైనా పింగాణి పెంకులు దొరికాయి. నొబోరు కరషిమా అనే చరిత్రకారుడి బృందం దక్షిణాది తీరమంతా ఇలాంటి పెంకులు వెతికి 2004లో ఒక పుస్తకమే తెచ్చింది. హంపి తవ్వకాల్లోనూ చైనా పెంకులు బయటపడ్డాయి. మా కాలానికి పింగాణి అంటే ఊరగాయ జాడీ, మరో మూలన కప్పూ సాసరూ. జాడీకి వంటింట్లో మర్యాద ఉండేది. కప్పులను మా జేజి గడప బయటి గూట్లో పెట్టేది, వచ్చినవాళ్ల కులం చూసి తీసేది. మట్టికుండ మైలపడితే పగలగొట్టవచ్చు, పింగాణిని ఏం చేయాలో శాస్త్రం చెప్పలేదు, అందుకే ఆమె కప్పులను లోపలికే రానివ్వలేదు. కడపలో మా ఎదురింటి సాయెబుల ఇంట్లో అదే పింగాణికి వేరే విలువ. పిల్లాడికి జ్వరమొస్తే తెల్ల పళ్లెం మీద కుంకుమపువ్వు నీళ్లతో ఖురాను ఆయతు రాయించి, ఆ రాతను కడిగి నీళ్లు తాగించేవాళ్లు. ఇంకిపోని మట్టి మీదే ఆ వైద్యం కుదురుతుంది.

ఇక్కడి మట్టితో కొత్త పని చేయించాలని ప్రయత్నించినవాళ్లూ లేకపోలేదు. అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు 1850లో మద్రాసులో కళల పాఠశాల పెట్టి, మట్టి, గాజుపూతల మీద ప్రయోగాలు చేయించాడు. గూడూరులో సిరామిక్ డిప్లొమా చెప్పే ప్రభుత్వ సంస్థ ఉంది. అవన్నీ కార్ఖానా దారులు. ఇంట్లో కూర్చుని ఒక్కరే చేసుకునే గాజుపూత కుండల పని దక్షిణాదిలో ఊపందుకున్నది పుదుచ్చేరి నుంచి. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టాక, వాళ్ల దగ్గర నేర్చినవాళ్లు, వాళ్ల శిష్యులు ఊరూరా బట్టీలు పెట్టుకున్నారు. నాకు నేర్పినామె ఆ వరసలోని మనిషే.

పింగాణి మట్టి వేళ్ల మధ్య జున్నులా ఉంటుంది. రేగడిలాగా సాగదు, చెప్పినట్టు వినదు. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాలలో 43, 44 డిగ్రీలు కాస్తుంటే, పట్టీ చుట్టేలోపే అంచు ఎండి చీలుతుంది. అందుకని తెల్లారుజామునే కూర్చుంటాను, తడి గోనెపట్టా కప్పి ఉంచుతాను. కుమ్మరి ఇళ్లలో చేసేదీ అదే. కాలేసరికి గిన్నె ఎనిమిదో వంతు దాకా చిన్నదవుతుంది. ఇంకో చిత్రం, పచ్చిగా ఉన్నప్పుడు ఒక పక్క వంగిన అంచును సరిచేసి మర్చిపోతే, బట్టీ వేడిలో మళ్లీ ఆ పక్కకే వంగుతుంది. కరెంటు బట్టీ నడిచే రాత్రి ఇంట్లో ఏసీ వేయం, రెండిటినీ మా లైను మోయదు. జమ్మలమడుగు వైపు అవ్వకు ఒక గిన్నె తీసుకెళ్లి ఇచ్చాను. వేలితో అంచు తడిమి, "గోడ బాగ కుదిరింది, అడుగే బరువు" అంది. నాకు ఇంతవరకు దొరికిన విమర్శల్లో పనికొచ్చింది అదే.

ఈ వ్యాసం చదివేవాళ్లకు ఒక విన్నపం. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో మీ జేజో, అవ్వో, మేనత్తో గరిసె కట్టిన మనిషైతే, కుమ్మరి ఇంట కుండ తట్టిన మనిషైతే, ఇప్పుడే అడగండి. ఏ చెరువు మన్ను తెచ్చింది, అందులో ఏం కలిపింది, ఏ నెలలో కట్టింది, ఎట్లా ఆరబెట్టింది, ఎవరి దగ్గర నేర్చింది రాసుకోండి. రాయలేకపోతే ఫోనులో ఆమె గొంతు రికార్డు చేయండి. పైన ఆమె పేరు, ఊరు, తేదీ వేయడం మాత్రం మర్చిపోవద్దు.